బీరప్ప నోటి మీద దెబ్బ

నేనొక మనిషిని నోటి మీద కొట్టాను. ఆ సంగతి దాచలేదు. దాచాలన్నా కుదరదు. మా కొండ నడక జట్టులో ఎవరో ఫోనులో తీశారు, అది అనంతపురంలో చేతులు మారి మారి చివరికి మా అత్తగారి ఊరిదాకా పోయింది. చూసినవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. అంగడికొచ్చి భుజం తట్టి పోయినవాళ్ళున్నారు. నేను దాచింది దెబ్బను కాదు, ఆ దెబ్బ ఎందుకు కొట్టానన్నది. ఇన్నేళ్ళూ అది నా లోపల బండలా కూర్చుంది. అన్నం తింటుంటే కదిలేది. ఎవరైనా నన్ను మంచివాడన్నప్పుడు ఇంకా కదిలేది.

మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నేను మళ్ళీ అబద్ధమే చెబుతానేమో. నా సంగతి నాకు తెలుసు.

మాది రాప్తాడు దగ్గర ఒక పల్లె. ఊళ్ళో పెద్ద కమతం మాదే. పెద్దదంటే ఏముంది, వాన పడితే వేరుశనగ, పడకపోతే ఎర్రమన్ను. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. మా నాయన మాటకు ఊళ్ళో ఎదురు లేకపోవడం ఒక్కటే ఎండిపోని ఆస్తి. నేను టౌనుకొచ్చి బోరు మోటర్ల అంగడి పెట్టుకున్నాను. వారమంతా గ్రీజు, కాలిన వైండింగు వాసన. ఆదివారం వస్తే కొండ.

ఆ కొండ పేరు చెప్పను. ముదిగుబ్బ దాటి పోతుంటే కనబడే కొండల్లో అదొకటి. రోడ్డు మీద నుంచి చూస్తే బోడి బండలే. కరువు సీమలో ఇంకేముంటుంది అనుకుని ముందుకు పోతారు. కానీ మొదటి వరస బండలు ఎక్కి అవతలికి దిగితే అడవి. చండ్ర, నారేపి, బిల్లు చెట్లు, వాటి నడుమ సీతాఫలం పొదలు. వాన పడిన ఏడాది నడుమెత్తు బోదగడ్డి. ఇంకా పైకి పోతే రెండు రాతి గుండ్ల సందులో ఒక దోన, ఎండాకాలంలో కూడా నీళ్ళు నిలిచే రాతిగుంట. అక్కడ కూర్చుంటే నెమళ్ళ అరుపు తప్ప ఇంకేదీ వినబడదు. పై అంచుకు చేరితే మా జిల్లా మొత్తం ఎర్రగా, ఎండిపోయిన తోలులాగా కింద పరుచుకుని కనబడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఆ దారి నేనే చేశానని చెప్పుకునేవాడిని. కాపరుల కాలిబాటలను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ, బండల మీద సున్నంతో బాణం గుర్తులు వేసుకుంటూ పైదాకా ఒక దావ ఏర్పరిచాను. మొదట నేనూ నా స్నేహితుడు శేఖరూ మాత్రమే నడిచేవాళ్ళం. తర్వాత టౌను నుంచి పదిమంది, ఆ తర్వాత బెంగళూరు నుంచి కార్లలో జనం. కొత్త బూట్లు, కొన ఇనుముతో చేసిన నడక కర్రలు, మెడలో కెమెరాలు. వాళ్ళు నన్ను లీడర్ అనేవారు. ఆ పిలుపు నాకు బాగుండేది. చాలా బాగుండేది. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను చేసినదంతా ఆ రుచిలో నుంచే పుట్టింది.

బీరప్ప గొర్రెల కాపరి. కొండ కింద పల్లెవాడు. ఇంచుమించు నా ఈడే. కొండ సగం ఎక్కినాక చదునుగా ఒక చోటుంది. అక్కడ ముళ్ళకంపతో గుండ్రంగా కంచె కట్టి మందను రాత్రిళ్ళు అందులో తోలేవాడు. దాన్ని మా వైపు రొప్పం అంటారు. వాళ్ళ తాత కాలం నుంచి రొప్పం అక్కడే ఉంది. నేను కనిపెట్టానన్న దారి దాని పక్క నుంచే పోతుంది. మేము పోతుంటే కుక్కలు మీదికొచ్చేవి, గొర్రెలు బెదిరి చెదిరేవి. ఆయన దారికి అడ్డంగా కంప వేసేవాడు. నేను తీసేసేవాడిని. పైవారం పోయేసరికి మళ్ళీ ఉండేది.

ఒక ఆదివారం ఆ కంపను కాలితో తన్ని పక్కకు తోశాను. వెనకాల జట్టంతా ఉంది. బీరప్ప గుండు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"తన్నేదానికి ఇది మీ అబ్బ సంపాదించిన కొండ గాదప్పా" అన్నాడు. "దావ గావాలంటే చేత్తో తీయి, పోయినాక చేత్తో మల్లా పెట్టు."

వెనకాల ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. నన్ను చూసి నవ్వారో, ఆయన మాట తీరుకు నవ్వారో నాకు తెలియదు. నేనూ నవ్వాను. నవ్వుతూనే వంగి కంప చేత్తో తీశాను. ముల్లు గుచ్చుకుని రక్తమొచ్చింది. అంతే జరిగింది. మీరు చదువుతూ ఇంతేనా అనుకుంటారు. ఇంతే. ఈ మాత్రం దానికి నేను వారమంతా నిద్రపోలేదు. మోటరు విప్పుతూ ఆయనకు జవాబులు చెప్పుకున్నాను, స్నానం చేస్తూ చెప్పుకున్నాను. మా ఊళ్ళో అయితే ఆ మాట అన్నవాడు సాయంత్రానికి మా వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడేవాడు. అలాంటి వాకిలి చూస్తూ పెరిగినవాడిని. అది నా తప్పు కాదని చెప్పడం లేదు. ఆ విషం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతున్నాను.

మరుసటి ఆదివారం మళ్ళీ పోయాం. శివరాత్రి అయిపోయింది. చెట్లు ఆకు రాల్చాయి, బోదగడ్డి కాగితంలా ఎండి ఉంది. జట్టు పై అంచుకు చేరినాక నేను శేఖర్‌తో, టిఫిను జీపు వచ్చిందేమో చూస్తాను, మీరు నిదానంగా దిగండి అని చెప్పి ముందు బయలుదేరాను. జేబులో అగ్గిపెట్టె ఉంది. పైన టీ కాచుకోవడానికి ఎప్పుడూ ఉంచుకునేదే. తర్వాత చేసినదానికోసం తెచ్చింది కాదు. కాదా? ఒంటరిగా ఎందుకు బయలుదేరాను? జీపు ఎప్పుడూ రాకుండా ఉండలేదు కదా. ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది.

దోన దగ్గర బీరప్ప వంగి నీళ్ళు తాగుతున్నాడు. నన్ను చూసి మూతి తుడుచుకుని లేచాడు. నేను ఏదో ఒకటి అందామని నోరు తెరిచేలోపు ఆయనే మాట్లాడాడు.

"అన్నా, మొన్న నోరు జారినా. అంతమంది ముందర అట్ల అనకూడదు. మనసులో పెట్టుకోవద్దు. మందను నేను అవతల లోయకు తోలినా. సాయంత్రం దాకా ఈ పక్కకు రాను, మీ దావకు అడ్డం ఉండదులే."

నేను సరేలే బీరప్పా అన్నాను. ఆయన నవ్వాడు. కర్ర భుజాన వేసుకుని అవతలి లోయలోకి దిగిపోయాడు.

మామూలు మనిషికైతే అక్కడితో మనసు చల్లబడాలి. నాకు చల్లబడలేదు. ఇంకా మండింది. వారమంతా మేపి పెంచుకున్న కోపాన్ని ఆయన ఒక్క మాటతో ఎందుకూ పనికిరానిదిగా చేసిపోయాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు అంత సులభంగా ఎట్లా వచ్చింది? నాకు ఎందుకు రాదు? అప్పుడు ఇట్లా ఆలోచించలేదు, ఇది తర్వాతి ఆలోచన. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒకటే. రొప్పం దగ్గర సాయంత్రం దాకా ఎవరూ ఉండరు.

రొప్పం దగ్గరికి దిగి, అగ్గిపుల్ల గీసి కంప కింద పెట్టాను.

కంచె మాత్రమే కాల్చాలనుకున్నాను. ఎండిన ముళ్ళకంప ఎట్లా మండుతుందో పల్లెలో పుట్టినవాడికి చెప్పనక్కరలేదు. మెల్లగా అంటుకోదు. ఒక్కసారిగా పేలుతుంది. నేను వెనక్కి గెంతాను, కనుబొమ్మలు కమిలాయి. అప్పుడు లోపలి నుంచి గొర్రెపిల్లలు అరిచాయి.

రొప్పం ఖాళీ అనుకున్నాను. ఈ మాట నాకు నేను ఎన్ని వందలసార్లు చెప్పుకున్నానో. అది అబద్ధం. అప్పుడే పుట్టిన పిల్లలను మందతో తోలరు. నాలుగు రోజులు గంప కింద మూసి రొప్పంలోనే ఉంచుతారు. మా ఊళ్ళో గొర్రెలున్నాయి, చిన్నప్పుడు ఆ గంపలెత్తి పిల్లలను ముద్దుచేసినవాడిని. నాకు తెలుసు. గీసేటప్పుడు ఆ తెలిసినదాన్ని పక్కకు తోసి గీశాను. సీతాఫలం పొద నీడలో పెద్ద వెదురుగంప బోర్లించి ఉంది. అది కదులుతోంది. వాకిలి తడిక ఇంకా అంటుకోలేదు. అది తీసి లోపలికి పోతే చేతులు కాలేవి. అంతకు మించి నాకేమీ కాదు. నేను పోలేదు. ఆ అరుపు పసిబిడ్డ ఏడుపులాగే ఉంటుంది. అది ఒకటొకటిగా ఆగిపోతుంటే పక్కనే ఉన్న ఎండిన వాగు వంకలో పడి పరుగెత్తాను.

అప్పుడు గాలి లేచింది. కింద నుంచి పైకి. నా జట్టు దిగుతున్న వైపుకు.

తర్వాత జరిగినదానికి నన్ను మెచ్చుకున్నారు. వంకలో చుట్టు తిరిగి, రెండో పక్క నుంచి ఎక్కి, అప్పుడే మంట చూసినవాడిలా అరుస్తూ వాళ్ళ దగ్గరికి చేరాను. బోదగడ్డి మంట మనిషి కంటే వేగంగా ఎక్కుతుంది. పొగలో ఎవరు ఎటు పోతున్నారో తెలియలేదు. బండల మీదికి ఎక్కండని కేకలేశాను. చాలామంది ఎక్కారు. బ్యాంకులో పనిచేసే సుమతి గడ్డిలో తట్టుకుని పడింది. ఆమె వేసుకున్నది నైలాను ప్యాంటు. అది కాలలేదు, కరిగింది. కరిగి కాళ్ళకు అతుక్కుంది. నేను నా చొక్కాతో మంట ఆర్పి లాగబోతే చర్మం కూడా వచ్చింది. ఆమె అరిచిన అరుపుకు నెమళ్ళు లేచిపోయాయి. ఆమెను వీపు మీద వేసుకుని కిందిదాకా దిగాను. దారి పొడుగునా నా చెవి పక్కనే, "ఎవరో నిప్పు పెట్టినారు, ఎవరో నిప్పు పెట్టినారు" అంటూనే ఉంది. 

కింద జీపుల దగ్గరికి అందరం చేరాం. మొహాలు నల్లగా ఉన్నాయి. కొందరు కక్కుకుంటున్నారు. సుమతిని జీపులో పడుకోబెట్టి ఆసుపత్రికి పంపాం. ఆ జీపు కదిలినాక మిగిలినవాళ్ళలో భయం పోయింది. దాని చోటికి ఇంకొకటొచ్చింది. నేను అది చూశాను. చదువుకున్నవాళ్ళు, ఆఫీసుల్లో మెత్తగా మాట్లాడేవాళ్ళు. ఎవరినైనా కొట్టాలని వాళ్ళ చేతులు వెతుక్కుంటున్నాయి.

అప్పుడే బీరప్ప పొగలో నుంచి కిందికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో మంటార్పిన పచ్చికొమ్మ, ఆకులన్నీ మాడి పుల్ల మిగిలింది. రెండో చేత్తో కంబళిలో ఏదో పొట్టకు అదుముకున్నాడు. తలవెంట్రుకలు ఒక పక్క కమిలి ఉన్నాయి. సాయం కోసం వస్తున్నాడు. మావాళ్ళకు పారిపోతున్నవాడిలా కనబడ్డాడు.

శేఖర్ ఎదురుపోయి మెడ పట్టుకున్నాడు. "కంప అడ్డమేసినోడు వీడే గదా? కొండ గూడా వీడే కాల్చినాడా?" అని నా వైపు తిరిగాడు. కొండ తెలిసినవాడిని నేనే కదా. అందరూ నన్నే చూశారు.

నేను, "వీడే" అన్నాను.

ఒక్క మాట. కావాలంటే తెలియదు అనవచ్చు. తెలియదు అన్నా ఎవరూ నన్ను అనుమానించరు. మరి ఎందుకన్నాను? వాళ్ళ చేతులు వెతుక్కుంటున్నాయని చెప్పాను కదా. అవి నన్ను కనుక్కోకముందే ఇంకొకరిని చూపించాను.

మొదటి దెబ్బ ఎవరిదో నాకు తెలియదు. నడక కర్ర ఒకటి ఆయన వీపు మీద పడింది. కంబళి జారి కింద పడితే లోపల ఉన్నది బయటపడింది. సగం కాలిన గొర్రెపిల్ల. కాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి. బీరప్ప దాని మీదికి వంగాడు.

"నా పిల్లల్ని నేనే కాల్చుకుంటానా సామీ" అన్నాడు. ఎవరూ వినలేదు. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. నన్ను చూడగానే ఆయన మొహంలో ధైర్యం వచ్చింది. అది నేను మరిచిపోలేను.

"అన్నా, నువ్వు చెప్పన్నా. దోనకాడ నన్ను చూసినావు గదా. నాతో మాట్లాడినావు గదా. నేను లోయలోకి పోయింది నువ్వు చూసినావు. నువ్వు రొప్పం పక్కకు..."

ఆయన నన్ను సాక్షిగా పిలుస్తున్నాడు. నేను నిప్పు పెట్టానని ఆయనకు తెలియదు, అనుమానం కూడా లేదు. కానీ ఆ మాట పూర్తయితే, రొప్పం పక్కకు దిగింది నేనొక్కడినేనని అందరికీ తెలిసిపోతుంది. నా చేతిలో ఎవరిదో కర్ర ఉంది. ఎట్లా వచ్చిందో తెలియదు. దాని ఇనుప కొన పట్టుకుని, లావుపాటి పిడి వైపు తిప్పి, ఆయన నోటి మీద నా బలమంతా పెట్టి కొట్టాను.

దవడ విరిగిన చప్పుడు చెరుకుగడ విరిచినట్టుంది. పళ్ళు మన్నులో పడ్డాయి. ఆయన చేత్తో మూతి పట్టుకుని ఇంకా ఏదో చెప్పబోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం తప్ప మాట రాలేదు. ఇంకొకసారి కొట్టాను. ఆ రెండోది ఫోనులో లేదు. మొదటిది కోపమని ఎవరైనా అనుకోవచ్చు. రెండోది చూసివుంటే తెలిసేది, ఇది కోపం కాదు, నోరు మూయించే పని అని.

ఆ తర్వాత జట్టంతా మీద పడింది. బూట్లతో తన్నారు. ఆయన గొర్రెపిల్ల మీద ముడుచుకుని పడిపోయాడు. ఒకాయన చెవి మీద తొక్కాడు. అలిసిపోయేదాకా కొట్టారు. కింద ఊరివాళ్ళు పొగ చూసి వచ్చేసరికి కొండ కాల్చినవాడు దొరికాడని చెప్పాం. వాళ్ళూ నమ్మారు. మా నాయన పేరు వాళ్ళకూ తెలుసు. బీరప్ప నుంచి వేరే మాట వినే దారి లేదు.

ఆయన మీద కేసయింది. చాలాకాలం కోర్టుకు తిరిగాడు. చివరికి సాక్ష్యం లేదని కొట్టేశారు. కానీ ఊరు కొట్టేయలేదు. కొండ కాల్చినోడు అన్న పేరు ఉండిపోయింది. ఆయన మందను ఎవరూ తమ చేలల్లో నిలపనివ్వలేదు. ఉన్న గొర్రెలు అమ్ముకున్నాడు. సుమతి బతికింది. పండ్లు తీసుకుని చూడబోయాను. ఆమె మంచంలో నుంచే బీరప్పను శపిస్తుంటే తల ఊపుతూ విన్నాను. ఆమె మళ్ళీ ఏ కొండా ఎక్కలేదు.

నేను ఎక్కాను. ఇదే మీకు నమ్మశక్యం కాదేమో. ఏడాది తిరిగేసరికి మళ్ళీ జట్టును తీసుకుపోయాను. కాలిన చోటికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఏమైందని అడిగేవారు. ఒక కాపరి పెట్టాడని చెప్పేవాడిని. మొదటిసారి గొంతు తడబడింది. తర్వాత అలవాటైంది. ఆ కథకు మెరుగులు కూడా దిద్దాను. నోటి మాటగా పుట్టిన అబద్ధం మన కళ్ళ ముందే ఎట్లా ఒళ్ళు చేస్తుందో నేను చూశాను.

చాలా ఏళ్ళకు బీరప్ప నా అంగడికొచ్చాడు. నాకోసం కాదు. ఎవరిదో చీనీతోటలో, అదే బత్తాయి తోటలో, కూలికి ఉన్నాడు. కాలిపోయిన మోటరు ఆటోలో వేసుకుని యజమానితో వచ్చాడు. మూతి ఒక పక్కకు పోయింది. ఒక చెవి వినబడదు, తల వంచి రెండో చెవి నా వైపు పెట్టాడు. యజమాని టీ తాగిరావడానికి పోయాడు. మేమిద్దరం మిగిలాం. నేను స్పానర్ల కోసం వెతుకుతున్నట్టు నటించాను. ఆయన మాట మెల్లగా, వంకరగా వచ్చింది. ప్రతి మాటా రెండుసార్లు వినాలి.

"అన్నా, కొట్టినందుకు నాకు బాధ లేదు. అందరూ కొట్టినారు. నువ్వు గూడా నమ్మినావే, అదే బాధ. దోనకాడ మాట్లాడుకుంటిమి గదా. నేను పెట్టలేదన్నా. ఇప్పుడన్నా నమ్ముతావా?"

ఆ క్షణం నాకు దేవుడిచ్చినట్టు దొరికింది. ఎవరూ లేరు. ఆయనే అడుగుతున్నాడు. నేను పెట్టానని రెండు మాటలు చాలు. నేనేమన్నానో తెలుసా? "నమ్ముతా బీరప్పా" అన్నాను.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. పెద్ద మనసుతో ఆయనను నమ్మినవాడిగా నేను అక్కడ నిలబడ్డాను. నిప్పు పెట్టడం ఒక క్షణం పని. కొట్టడం ఒక క్షణం పని. ఆ చేయి పట్టుకోనివ్వడం మాత్రం, నిదానంగా, చల్లని తలతో, అన్నీ తెలిసి చేశాను. నా పాపాల్లో దేన్ని ముందు చెప్పాలని అడిగితే నేను ఇదే చెబుతాను.

ఆ తర్వాత కూడా చెప్పలేదు. పోయిన ఎండాకాలం ముందు ఒక ఆదివారం జట్టు వెనకాల నడుస్తున్నాను. మోకాళ్ళు నొప్పి, ఇప్పుడు ముందు నడిపించేది కొత్తగా చేరిన ఒకామె. కాలిన చోటికి రాగానే ఆమె ఆగి జనానికి కథ చెప్పింది. బీరప్ప అనే తాగుబోతు, పిచ్చెత్తి తన గొర్రెపిల్లలనే కాల్చి, వాటి అరుపు వింటూ కూర్చున్నాడట. జనం ఛీ అన్నారు. బీరప్ప తాగడు. ఆ అరుపు విన్నవాడు ఒక్కడే ఉన్నాడు, వాళ్ళ వెనకాలే నిలబడి ఉన్నాడు.  చెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాను. ఎండదెబ్బ అనుకుని నీళ్ళిచ్చారు.

మరుసటి పొద్దున బీరప్ప ఊరికి పోయాను. ఆయన తోటకు బయలుదేరబోతూ అరుగు మీద కూర్చుని రాగిముద్ద తింటున్నాడు. భార్య ఈరమ్మ చేటలో శనక్కాయలు చెరుగుతోంది. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నిప్పు నేను పెట్టాను. గంప కదలడం చూశాను. నీ నోరు మూయించడానికే కొట్టాను. అంగడిలో నమ్ముతానన్నది కూడా మోసమే. ముందు ఎట్లా చెప్పాలో దారంతా అనుకున్నవేవీ రాలేదు. ఇవే వచ్చాయి.

 ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని ఒకటే అడిగాడు.

"దోనకాడ నేను తప్పయిందని చెప్పినాక పెట్టినావా, చెప్పకముందా?"

"చెప్పినాక."

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. నేను వంగి కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి లాక్కున్నాడు. ఈరమ్మ చేట కింద పడేసి వాకిట్లో మన్ను పిడికిట తీసి నా మొహాన కొట్టింది. "నీ నోట్లో మన్ను పడ! ఆయప్ప నోట్లో ముద్ద నమిలి ఎన్నేండ్లాయ తెల్సునా నీకు!" అని గుండెలు బాదుకుంది. మన్ను కళ్ళలో పడింది. నేను తుడుచుకోలేదు.

బీరప్ప లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నడువు అన్నట్టు చేయి చూపించాడు. పొద్దున పాలు పోసే చోటుకు తీసుకుపోయాడు. ఊరు సగం అక్కడే ఉంది, క్యానులు పట్టుకుని వరసలో. నన్ను వాళ్ళ ముందు నిలబెట్టి, "నాకు చెప్పింది ఈళ్ళకు చెప్పు" అన్నాడు. నేను చెప్పాను. గొంతు లేవలేదు. ముందువరస వాళ్ళకు కూడా సరిగా వినబడలేదు. ఆయన చెవి నా నోటి దగ్గర పెట్టి విని, తల అడ్డంగా ఊపాడు.

"గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. కొండ కాల్చింది నేను, బీరప్ప కాదు, అని అరిచాను. ఒక ముసలాయన ఉమ్మేశాడు. ఎవరో కాలరు పట్టుకుని చెంప పగలగొట్టారు, కింద పడ్డాక తన్నారు. బీరప్ప వాళ్ళను ఆపలేదు, కొట్టమనీ అనలేదు. కాసేపు చూసి, పనికి పొద్దెక్కిందని చీనీతోట దారి పట్టాడు. నా వైపు తిరగలేదు.

స్టేషనులో కూడా చెప్పి వచ్చాను. ఏమవుతుందో అవుతుంది. మా నాయన నాతో మాట్లాడడం మానేశాడు, పాపం చేశానని కాదు, బయటపెట్టానని. సుమతికి ఫోను చేశాను. విని పెట్టేసింది. బీరప్ప క్షమించాడా అని మీరు అడగొద్దు. లేదు. క్షమించే పని కాదది, అడిగే ముఖమూ నాకు లేదు. ఆ గొర్రెపిల్లలు లేవు. ఆ పళ్ళు లేవు. కానీ ఆ చోట మన్నులో పడి, నోట్లో నా రక్తమే ఉప్పగా తగులుతుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఊపిరి కడుపుదాకా దిగింది. సిగ్గుతో చెబుతున్నాను, అది హాయిగా ఉంది. మీకు కూడా చెప్పాను. నిప్పు పెట్టింది నేను.